వ్యాయామశాలలో మాట తీరు: శిక్షకుడును అభ్యాసకులును

వ్యాయామము శరీరముతో చేయు పనియైనను, దానిని నేర్పుట మాటతో జరుగు పని. శిక్షకుడు చెప్పినది అభ్యాసకునికి తెలియవలెను. అభ్యాసకుని దేహములో కలుగుచున్న మార్పు శిక్షకునికి తెలియవలెను. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లోపించినను, మేలు చేయవలసిన వ్యాయామమే కీడు చేయును. కీళ్లు బెణుకుట, నడుము పట్టుట మొదలు గుండెకు అపాయము కలుగుట వరకు అనేక కష్టములలో సకాలమున ఒక మాట చెప్పకపోవుటయో, చెప్పిన మాట వినకపోవుటయో ఒక కారణమై యుండును. ఈ విషయమున శిక్షకులును, వారి యొద్దకు పోవు సామాన్య ప్రజలును తెలిసికొనదగిన సంగతులు ఇచట వివరింపబడినవి. శిక్షకుడు, అభ్యాసకుడు అను మాటలు స్త్రీ పురుషులిరువురికిని వర్తించును.

ఈ విషయము నేడేల ముఖ్యమైనది?

పూర్వము తాలింఖానాలో ఉస్తాదు కొలదిమంది శిష్యులకు ఏండ్ల తరబడి దండీలు, బస్కీలు నేర్పుచుండెడివాడు. ప్రతి శిష్యుని బలమును, బలహీనతయు ఆయనకు తెలిసియుండెడివి. నేడు పరిస్థితి వేరు. పురపాలక సంఘముల ఉద్యానవనములలోను, కల్యాణమండపములలోను, జిమ్ములలోను ఇరువది ముప్పది మంది అపరిచితులు ఒకేచోట చేరుచున్నారు. 2020లో కోవిడ్ వ్యాధి ప్రబలిన నాటి నుండి సెల్‌ఫోను తెరమీద చూచి నేర్చుకొనువారును పెరిగిరి. 2015 నుండి ఏటా జూన్ 21వ తేదీన జరుగుచున్న అంతర్జాతీయ యోగ దినోత్సవము, 2019 ఆగస్టు 29వ తేదీన ప్రారంభమైన ఫిట్ ఇండియా ఉద్యమము ప్రజల దృష్టిని ఈ వైపునకు మరల్చినవి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూత్రముల ప్రకారము వయోజనులు వారమునకు 150 మొదలు 300 నిమిషముల వరకు మధ్యరకపు శ్రమ గాని, 75 మొదలు 150 నిమిషముల వరకు తీవ్రమైన శ్రమ గాని చేయవలెను. వారమునకు కనీసము రెండు దినములు కండరములకు బలమిచ్చు వ్యాయామము చేయవలెను. 65 ఏండ్లు నిండినవారు పడిపోకుండ తూకము నిలుపుకొను అభ్యాసములను మూడు దినములైనను చేయవలెను. 2024లో వెలువడిన అంతర్జాతీయ గణన ననుసరించి, 2022లో మన దేశపు వయోజనులలో దాదాపు సగము మంది ఈ కనీస పరిమితిని అందుకొనలేదు. కావున వ్యాయామమునకు కొత్తగా వచ్చువారి సంఖ్య ఇంకను పెరుగవలసి యున్నది.

అట్లు వచ్చువారెవరు? భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యమున జరిగి 2023లో ప్రకటింపబడిన దేశవ్యాప్త పరిశీలనలో వయోజనులలో నూటికి సుమారు 11 మందికి మధుమేహము, నూటికి సుమారు 35 మందికి అధిక రక్తపుపోటు ఉన్నట్లు తేలినది. ఈ లెక్కను ఇరువది మంది గల తరగతికి అన్వయించినచో, సగటున ఏడుగురికి రక్తపుపోటు, ఇద్దరికి మధుమేహము ఉండవచ్చును. వారిలో కొందరికి తమ జబ్బు సంగతి తమకే తెలియదు. ముఖము చూచి దీనిని గుర్తించుట అసాధ్యము. అడిగి తెలిసికొనుట యొక్కటే మార్గము.

మొదటి దినమున అడుగవలసినవి

“మీకేమైనా జబ్బులున్నాయా?” అని పదిమంది యెదుట అడిగినచో, “ఏమీ లేవండీ” అనుటయే లోకసహజము. తన జబ్బును నలుగురిలో చెప్పుకొనుటకు ఎవరికైనను సంకోచముండును. అందువలన శిక్షకుడు కొత్తవారితో ఏకాంతముగ ఐదు నిమిషములు మాటలాడవలెను. ప్రశ్నలు పిండితార్థముగ గాక విడివిడిగ, సూటిగ నుండవలెను.

“మీరు రోజూ ఏవైనా మాత్రలు వేసుకుంటున్నారా? దేనికి?” “మెట్లెక్కేటప్పుడు గాని, వేగంగా నడిచేటప్పుడు గాని ఛాతీలో బరువు, నొప్పి వస్తుందా?” “ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయారా?” “మోకాలు, నడుము, భుజము దేనిలోనైనా బాధ ఉందా?” “ఈమధ్య ఆపరేషను గాని, కాన్పు గాని అయిందా?” ఇట్టి ప్రశ్నలకు జవాబు చెప్పుట సులభము. కెనడా దేశమున 1970 దశకములో రూపొందిన ఏడు ప్రశ్నల పట్టిక ఒకటి ఇదే ప్రయోజనము కొరకు పలు దేశములలో వాడుకలోనికి వచ్చినది. ఏ ప్రశ్నకైనను “అవును” అను జవాబు వచ్చినచో, వైద్యుని సలహా పొందిన పిమ్మటనే కొత్త వ్యాయామము ప్రారంభించుట క్షేమము. గర్భిణులును ముందుగ వైద్యుని సంప్రదింపవలెను.

మందుల సంగతి ఏల అడుగవలెను? రక్తపుపోటుకు, గుండెజబ్బుకు ఇచ్చు బీటా బ్లాకరు తరగతి మందులు నాడి వేగమును తగ్గించును. అట్టివారు మిక్కిలి శ్రమపడుచున్నను నాడి మెల్లగనే కొట్టుకొనవచ్చును. నాడిని మాత్రమే నమ్మిన శిక్షకుడు మోసపోవును. ఇన్సులిను గాని, రక్తములో చక్కెరను తగ్గించు కొన్ని మాత్రలు గాని వాడువారికి వ్యాయామవేళ చక్కెర మితిమీరి పడిపోవచ్చును.

ఈ విధముగ తెలిసికొన్న సంగతులను శిక్షకుడు గుప్తముగ నుంచవలెను. “వీరికి షుగరు ఉంది, నెమ్మదిగా చేయించండి” అని తరగతిలో బిగ్గరగ పలికినచో, ఆ వ్యక్తి మరల ఏ సంగతియు చెప్పడు. చూచిన ఇతరులును చెప్పరు.

ఆదేశము ఎట్లుండవలెను?

మన పాఠశాలలలో డ్రిల్లు మాస్టరు పలుకు “దాహినే ముడ్” అను ఆజ్ఞలో రెండు భాగములు కలవు. “దాహినే” అను మాట దిక్కును తెలుపును. క్షణకాలము ఆగిన పిదప “ముడ్” అను మాట కదలవలసిన వేళను తెలుపును. మధ్యనుండు ఆ విరామములోనే వినువాడు సిద్ధపడును. తెలుగు భాషలో ఈ సౌకర్యము సహజముగనే యున్నది. “కుడిచేతిని – తలమీదుగా – ఎడమవైపుకు – వంచండి” అన్నప్పుడు ఏ అవయవము, ఏ దారి, ఏ దిక్కు అనునవి ముందుగ తెలిసి, చేయవలసిన పని చివర వచ్చును. శిక్షకుడు తొందరపడక క్రియాపదమునకు ముందు కొంచెము ఆగినచో తరగతియంతయు ఒక్కమారుగ కదలును.

ఒక ఆదేశములో ఒకటి రెండు సంగతులకు మించి యుండరాదు. “వీపు నిటారుగా, భుజాలు వెనక్కి, పొట్ట లోపలికి, మోకాళ్లు వంచి, చూపు ముందుకు” అని ఒకేసారి చెప్పినచో కొత్తవాడు దేనిని నిలుపుకొనలేడు. మొదట మాటలు లేకుండ ఒకసారి చేసి చూపవలెను. ఎదుటి నుండి ఒకమారు, ప్రక్క నుండి ఒకమారు చూపినచో భంగిమ పూర్తిగ తెలియును. తరువాత ముఖ్యమైన సంగతి ఒక్కటి చెప్పి చేయింపవలెను. మిగిలినవి క్రమముగ చేర్పవచ్చును.

తరగతికి ఎదురుగ నిలిచిన శిక్షకుని కుడి, అభ్యాసకులకు ఎడమగ కనబడును. దీనివలన గందరగోళము సామాన్యముగ కలుగుచుండును. “కుడి, ఎడమ” అనుటకు మారుగ “కిటికీ వైపు చేయి”, “గేటు వైపు కాలు” అని చెప్పుట మేలు. వినికిడి తగ్గిన వృద్ధులను ముందు వరుసలో నిలుపవలెను. వాద్య సంగీతము వినిపించునపుడు, చేతి దూరములో నున్నవారితో గొంతు పెంచి మాటలాడవలసి వచ్చినచో ఆ ధ్వనిని తగ్గింపవలెను. ఆ ధ్వనిలో శిక్షకుని మాటయు, అభ్యాసకుని “అమ్మా” అను మూలుగును ఒక్కటిగనే మునిగిపోవును.

శాస్త్రపు పేర్లకంటె ఇంటి పోలికలు త్వరగ తెలియును. “ఉదర కండరములను సంకోచింపజేయండి” అనుటకంటె, “దగ్గబోయే ముందు పొట్ట ఎలా బిగుస్తుందో అలా బిగించండి” అనుట సుబోధము. బస్కీలు నేర్పునపుడు “తొడ కండరాలు బిగించండి” అనుటకంటె, “వెనుక పీట ఉందనుకుని దానిమీద కూర్చోబోండి” అన్నచో నడుము, మోకాళ్లు వాటంతట అవియే సరియైన తీరున వంగును. గాబ్రియెల్ వుల్ఫ్ అను శాస్త్రజ్ఞురాలు తన సహచరులతో కలిసి 1998లో ప్రకటించిన పరిశోధన ఈ విషయమునకు సంబంధించినదే. తన అవయవము మీదకంటె ఆ కదలిక వలన బయట కలుగు ఫలితము మీద మనస్సు నిలిపినవారు పనిని మెరుగుగ నేర్చుకొందురని అందులో కనుగొనబడినది.

చెప్పినది తెలిసినదో లేదో అని “అర్థమయిందా?” అని అడుగుట వ్యర్థము. మన తరగతులలో ఆ ప్రశ్నకు “అయిందండీ” అను జవాబే వచ్చును. గురువు యెదుట కాదనుట మర్యాద కాదని పెక్కురి భావము. “ఒకసారి మెల్లగా చేసి చూపండి” అని గాని, “ఇందులో ఎక్కడ జాగ్రత్తపడాలో మీరు చెప్పండి” అని గాని అడిగినచో నిజము తెలియును.

తప్పును సవరించుట

శిక్షకుడు తప్పును చూచినపుడు మొదట అది అపాయకరమా, కేవలము అందలోపమా అని విచారింపవలెను. అపాయకరమైనదానిని తక్షణమే ఆపింపవలెను. తక్కినవానిని ఒకసారికి ఒక్కటి చొప్పున దిద్దవలెను. తొలుత ఎవరి పేరును చెప్పక “మోకాళ్లు లోపలికి వాలకుండా చూసుకోండి” అని అందరికిని చెప్పవలెను. పెక్కుమంది తమంతట తామే సరిదిద్దుకొందురు. మిగిలినవారి దగ్గరకు పోయి మెల్లగ చెప్పవచ్చును.

చేతితో తాకి భంగిమను సరిచేయుటకు ముందు “అమ్మా, భుజం పట్టుకుని చూపించవచ్చా?” అని అనుమతి గోరవలెను. వద్దన్నచో తానే చేసి చూపవలెను. స్త్రీల తరగతులలోను, బాలబాలికల తరగతులలోను ఈ నియమమును తప్పక పాటింపవలెను. వయసులో పెద్దలైనవారిని మీరు అనియే సంబోధింపవలెను. వయసులో చిన్నవాడైన శిక్షకుడు అరువది ఏండ్ల వ్యక్తిని ఏకవచనముతో గద్దించినచో, ఆ వ్యక్తి మరునాడు రాకపోవచ్చును. ఏల రాలేదో చెప్పకపోవచ్చును.

గుంజీళ్లు మన పాఠశాలలలో చిరకాలము శిక్షగ అమలులో నుండినవి. చెవులు పట్టుకొని అందరి యెదుట లేచి కూర్చున్న బాలునికి వ్యాయామమనగానే అవమానము జ్ఞప్తికి వచ్చును. అట్టివారు పెద్దలై తరగతికి వచ్చినపుడు, ఆలస్యమునకు శిక్షగ పది బస్కీలు తీయించుట, లావును గూర్చి హాస్యమాడుట పాత గాయమును రేపును. మంచి మాట కూడ నిర్దిష్టముగ నుండవలెను. “బాగుంది” అనుటకంటె “పోయిన వారం గోడ పట్టుకున్నారు, ఈ రోజు పట్టుకోకుండా నిలబడ్డారు” అను మాట అభ్యాసకునికి తన ప్రగతిని చూపును. ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయాన్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిన సిద్ధాంతము ననుసరించి, తన ఇష్టముతో చేయుచున్నాననియు, చేయగలననియు, తోటివారిలో ఒకడననియు తోచినపుడు మనుష్యుడు తాను పట్టిన పనిని విడువక సాగించును. ఈ మూడు భావములను పెంచుటయు, త్రుంచుటయు శిక్షకుని మాటలోనే యున్నది.

అభ్యాసకుడు చెప్పవలసినవి

మాట ఒక దిక్కుననే నడచినచో చాలదు. శరీరములోని బాధను పైవారు చూడజాలరు గావున అభ్యాసకుడే చెప్పవలెను. ఇందులకు తెలుగున చక్కని మాటలు కలవు. వాని భేదమును ఇరువురును ఎరుగవలెను.

పీకుట, తీపులు అనునవి కండరములలో మందముగ వ్యాపించు నొప్పులు. కొత్త వ్యాయామము చేసిన మరునాడో, ఆ పై దినమో ఇవి కలిగి కొలది దినములలో తగ్గుట సామాన్యము. పని చేయుచున్న కండరములో మంట పుట్టి, ఆపగనే చల్లారినచో అది అలసట వలన కలిగినది. పోటు అట్టిది కాదు. మోకాలులో గాని, భుజములో గాని పొడిచినట్లు పోటు వచ్చినచో వెంటనే ఆపవలెను. తిమ్మిరి నడుము నుండి కాలికి గాని, మెడ నుండి చేతికి గాని పాకినచో నరమునకు ఒత్తిడి కలిగి యుండవచ్చును. ఆ అభ్యాసమును మాని వైద్యునికి చూపవలెను. మితిమీరిన శ్రమ చేసిన తరువాత కండరములు వాచి, మూత్రము డికాషను రంగులోనికి మారినచో జాగు చేయక ఆసుపత్రికి పోవలెను. కండరములు చెడి, మూత్రపిండములకు హాని కలుగుచున్నదనుటకు అది గుర్తు కావచ్చును.

నొప్పి లేనిదే ఫలితము లేదను భావముగల ఇంగ్లీషు సామెత యొకటి వ్యాయామశాలలలో తరచు వినబడును. దానిని నమ్మి పోటును దాచుకొనువారు గాయపడుదురు. శ్రమ వేరు, గాయము వేరు.

శ్రమ ఎంత యున్నదో తెలుపుటకును సులభోపాయము కలదు. అభ్యాసకుడు మాటలాడగలిగి, పాట పాడలేకున్నచో అది మధ్యరకపు శ్రమ. నాలుగు మాటలు చెప్పుటకే ఊపిరికి ఆగవలసి వచ్చినచో అది తీవ్రమైన శ్రమ. స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు గున్నార్ బోర్గ్ మనుష్యుడు తన శ్రమను తానే అంకెతో చెప్పు కొలబద్దలను రూపొందించెను. 0 నుండి 10 వరకు గల కొలతలో 5, 6 మధ్యరకపు శ్రమను, 7, 8 తీవ్రమైన శ్రమను సూచించునని నేడు పరిగణింతురు. శిక్షకుడు నడుమ నడుమ “పదికి ఎంత?” అని అడిగి, వ్రేళ్లతో చూపుమన్నచో తరగతి యంతటి స్థితి ఒక్క చూపులో తెలియును. బీటా బ్లాకరు వాడువారికి నాడికంటె ఈ కొలతయే నమ్మదగినది.

“ఒకటి, రెండు, మూడు, నాలుగు” అని తరగతి చేత బిగ్గరగ లెక్కింపజేయుట పాత పద్ధతియే గాని మిక్కిలి ఉపయోగకరము. లెక్కించువాడు ఊపిరి బిగబట్టలేడు. బరువెత్తునపుడు ఊపిరి బిగబట్టినచో రక్తపుపోటు హఠాత్తుగ పెరుగును. ఒకరి లెక్క తడబడినను, ఆగినను అదియే శిక్షకునికి సూచన యగును.

మాట పెగలని వేళకు ఒక గుర్తును మొదటి దినముననే ఏర్పరచుకొనవలెను. చేయి ఎత్తుట గాని, ప్రక్కకు వచ్చి కూర్చుండుట గాని చాలును. “కూర్చోవాలనిపిస్తే కూర్చోండి, నన్ను అడగక్కరలేదు” అని శిక్షకుడు ప్రతి దినము చెప్పవలెను. ప్రతి అభ్యాసమునకు ఒక సులభమైన రూపమును కూడ చూపి, దానిని బలహీనుల పద్ధతి యని పేర్కొనకుండవలెను.

ప్రమాద సమయమున

ఛాతీలో బరువు, బిగింపు, నొప్పి. అది ఎడమచేతికి, దవడకు, వీపునకు పాకుట. అసాధారణమైన ఆయాసము, చల్లని చెమట, వికారము, కళ్లకు చీకట్లు కమ్ముట – వీనిలో ఏది కనిపించినను వ్యాయామము ఆపవలెను. మనవారు దీనిని “గ్యాసు పట్టినట్లుంది” అని తోసివేయుట కలదు. ఆ మాటను శిక్షకుడు తేలికగ తీసికొనరాదు. స్త్రీలలో నొప్పి స్పష్టముగ లేక ఆయాసము, వికారము, నీరసము మాత్రమే కనబడవచ్చును.

అపుడు “ఎవరైనా ఫోను చేయండి” అని కేక వేసినచో ఒకరినొకరు చూచుకొందురు. “నీలం చొక్కా వేసుకున్న బాబూ, నువ్వు 108కి ఫోను చెయ్యి, అమ్మా, మీరు గేటు దగ్గర నిలబడి దారి చూపండి” అని ఒక్కొక్కరికి ఒక్కొక్క పని నియమింపవలెను. దేశమంతట 112 అను సంఖ్యకు కూడ ఫోను చేయవచ్చును. రోగి స్పృహ తప్పి, సరిగ ఊపిరి తీయకున్నచో వెంటనే ఛాతీ నడుమ గట్టిగ, వేగముగ నొక్కుట ప్రారంభింపవలెను. ప్రతి శిక్షకుడును ఈ ప్రథమచికిత్సను అభ్యసించి యుండవలెను.

మధుమేహము గలవారికి వణకు, చెమట, ఆకలి, మాట తడబాటు, తికమక కలిగినచో చక్కెర పడిపోయినదని భావించి, మ్రింగగల స్థితిలో నున్నపుడు చక్కెర నీరు గాని, గ్లూకోసు గాని ఇవ్వవలెను. స్పృహ లేనివారి నోట ఏమియు పోయరాదు.

శిక్షకుడు చెప్పరాని మాటలు

శిక్షకుడు వైద్యుడు కాడు. “బీపీ మాత్రలు మానేయండి, ఆసనాలతో తగ్గిపోతుంది” అను సలహా ప్రాణాపాయకరము. ఇన్ని దినములలో ఇన్ని కిలోలు తగ్గుదురని హామీ ఇచ్చుట, కండరములు పెరుగుటకు పేరు తెలియని పొడులు, సూదులు సూచించుట తగదు. “ఈ సంగతి డాక్టరుగారిని అడగండి” అని చెప్పుట వలన శిక్షకుని గౌరవము తగ్గదు. తెలియనిదానిని తెలియదని చెప్పువాని మాటయే తెలిసినచోట నమ్మదగినదగును.

జ్ఞప్తి యందుంచుకొనదగినవి

శిక్షకులకు: ఏకాంతముగ అడుగుడు, గుట్టు కాపాడుడు. ముందు చూపుడు, తరువాత చెప్పుడు. ఒకసారికి ఒక తప్పునే దిద్దుడు. తాకుటకు ముందు అనుమతి పొందుడు. తరగతి ముగిసిన పిదప రెండు నిమిషములు నిలిచి, చెప్పుకొనగోరు వారి మాట వినుడు.

అభ్యాసకులకు: జబ్బును, మందులను దాచకుడు. పోటు, తిమ్మిరి, ఛాతీ బరువు కలిగినచో వెంటనే ఆపి చెప్పుడు. తెలియనిచో మరల అడుగుడు. ప్రక్కవారితో పోటీ పడకుడు. తెరమీద చూచి చేయువారు, తమను శిక్షకుడు చూచుట లేదను సంగతి మరువక మరింత జాగ్రత్త వహింపుడు.

ఒక తరగతి చక్కగ నడచుచున్నదా లేదా అని తెలిసికొనుటకు గొప్ప పరికరములు అక్కరలేదు. “నాకిది చేతకావడం లేదండీ” అని అందులో ఒకరు నిస్సంకోచముగ చెప్పగలిగినచో, దానిని విని శిక్షకుడు మరియొక దారి చూపగలిగినచో, ఆ తరగతి క్షేమకరమైనది. అట్టి తరగతికి వచ్చినవారు నెలలు, ఏండ్లు విడువక వత్తురు. వ్యాయామము వలని మేలు అట్లు విడువక చేయువారికే దక్కును.